చేతులు మారిన ఎం3: ఏ ఆయిలు ముందు మార్చాలి, ఏది పోయాలి?

ఫ్రిస్కో_బండి
గత నెలలో 2004 నాటి బీఎండబ్ల్యూ ఎం3 కొన్నాను. ఈ46 తరం, ఆరు గేర్ల మాన్యువల్, 94 వేల మైళ్లు తిరిగింది. నాకంటే ముందు ముగ్గురి దగ్గర ఉంది. మొదటి ఇద్దరి రసీదులు ఫైలులో తేదీల వారీగా ఉన్నాయి. మూడో ఆయన నుంచి మాత్రం "అన్నీ టైముకు మార్పించాను" అన్న మాట తప్ప ఒక్క కాగితమూ లేదు. డిక్కీ మూలలో సగం వాడిన 5డబ్ల్యూ-30 డబ్బా ఒకటి దొరికింది. ఈ ఇంజిన్‌కు కంపెనీ చెప్పినదేమో 10డబ్ల్యూ-60 (డబ్ల్యూ ముందు అంకె చలిలో, వెనక అంకె వేడిలో ఆయిలు చిక్కదనానికి గుర్తు). మా ఇంటి దగ్గర వర్క్‌షాపులో అడిగితే "ఫుల్ సింథటిక్ అయితే చాలు, నంబరు పట్టించుకోనక్కరలేదు" అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు.

ఇవి కాక మూడు బాధలున్నాయి. పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా మలుపు తీసుకుంటే వెనక నుంచి గుర్రుమంటూ, మధ్యమధ్య టక్కుమని చప్పుడు వస్తోంది. ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొరాయిస్తోంది. బ్రేక్ ఆయిలు మరిగిన టీ డికాక్షన్ రంగులో ఉంది. అన్నీ ఒకేసారి మార్చేయాలా, లేక వరుస ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జిడ్డుచేతులు
డిక్కీలో డబ్బా దొరికినంత మాత్రాన ఇంజిన్‌లో అదే ఉందని చెప్పలేము, లేదని కూడా చెప్పలేము. ఏమున్నదో తెలియని ఆయిలును తెలియనిదిగానే చూసి, ఈ వారాంతంలోనే దించేయండి. అప్పటిదాకా నాలుగు వేల ఆర్‌పీఎం దాటించవద్దు.

ఎనిమిదివేల_చక్కర్లు
నా దగ్గర ఇదే బండి, 2002 మోడల్, పదకొండేళ్లుగా ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఇందులో ఉన్న ఎస్54 ఇంజిన్ 3.2 లీటర్లది, ఎనిమిది వేల ఆర్‌పీఎం వరకు తిరుగుతుంది. అంత వేగంలో క్రాంక్‌షాఫ్టుకూ కనెక్టింగ్ రాడ్డుకూ నడుమ ఆయిలు పొర తెగకుండా నిలవడమే ఈ ఇంజిన్‌కు ప్రాణం. 2001 నుంచి 2003 మధ్య వచ్చిన బండ్లలో ఆ నడుమ ఉండే రాడ్ బేరింగులు దెబ్బతింటున్నాయని బీఎండబ్ల్యూ వాటిని వెనక్కి పిలిపించి బేరింగులు మార్చింది. నా బండికీ మార్చారు. మీది 2004 కనుక ఆ జాబితాలో ఉండదు, అయినా 94 వేల మైళ్ల దగ్గర ఆ బేరింగుల సంగతి తెలుసుకోకుండా ఊరుకోకూడదు.

అందుకని పాత ఆయిలును పారబోయకండి. ఇంజిన్ వేడిగా ఉండగా డ్రెయిన్ ప్లగ్గు విప్పి, మొదట వచ్చే మురికి ధారను పోనిచ్చి, ధార సన్నబడక ముందే శుభ్రమైన చిన్న సీసాలో పట్టండి. ఇండియానాలో బ్లాక్‌స్టోన్ అనే ల్యాబుకు పంపితే అందులో సీసం, రాగి, ఇనుము ఎంత ఉన్నాయో లెక్కకట్టి చెబుతారు. ఈ బేరింగుల పైపొరలో సీసం ఉంటుంది కాబట్టి అది ఎక్కువగా కనబడితే జాగ్రత్తపడాలి. పైగా ఆయిలు చిక్కదనం కూడా ఆ నివేదికలోనే ఉంటుంది, కాబట్టి మూడో ఆయన పోసింది 30 గ్రేడా, 60 గ్రేడా అన్న సందేహం కూడా తీరిపోతుంది.

ఫిల్టరు పని సులువు. ఇంజిన్ పైభాగంలోనే ఉంటుంది, మూత మధ్యలో ఒకే బోల్టు. కొత్త ఫిల్టరుతో పాటు వచ్చే రబ్బరు రింగులనూ, డ్రెయిన్ ప్లగ్గు వాషరునూ తప్పక మార్చండి. మొత్తం 5.5 లీటర్లు పడుతుంది. పాత ఫిల్టరు కాగితాన్ని కత్తిరించి, మడతలు విప్పి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూడండి. నల్లని మసి ఉంటే ఫరవాలేదు. రాగి రంగు తళుకులు కనిపిస్తే మాత్రం బండి స్టార్ట్ చేయకుండా ఇక్కడ ఫోటో పెట్టండి.

లెక్కల_మాస్టారు
వర్క్‌షాపు వారి "నంబరు పట్టించుకోనక్కరలేదు" అన్న మాట గురించి మాత్రం రాస్తాను. ఆ నంబరు తప్ప ఇక్కడ పట్టించుకోవలసింది పెద్దగా ఏమీ లేదు. నూరు డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 గ్రేడు ఆయిలు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి. 40 గ్రేడుకు అది 12.5 నుంచి 16.3 లోపు, 60 గ్రేడుకు 21.9 నుంచి 26.1 లోపు. అంటే వేడెక్కిన ఇంజిన్‌లో 60 గ్రేడు ఆయిలు 30 గ్రేడు కంటే సుమారు రెట్టింపు చిక్కగా ఉంటుంది. సింథటిక్ అన్నది ఆయిలును దేనితో తయారు చేశారో చెప్పే మాటే గాని, ఎంత చిక్కగా ఉందో చెప్పే మాట కాదు. నేతిలో చేసినదీ నూనెలో చేసినదీ రెండూ పూరీలే, పిండి ఎంత గట్టిగా కలిపారన్నది వేరే సంగతి.

మినియాపోలిస్_మంచు
మాస్టారి లెక్క సరైనదే గాని, అది వేడెక్కిన తర్వాతి లెక్క. ఇంజిన్ అరుగుదలలో ఎక్కువ భాగం చల్లని స్టార్టులోనే జరుగుతుందని అందరూ అంటారు కదా. నేను ఇదే ఇంజిన్‌లో రెండు చలికాలాలుగా 0డబ్ల్యూ-40 వాడుతున్నాను, ఏ ఇబ్బందీ రాలేదు. మైనస్ 20 డిగ్రీల ఉదయాన 10డబ్ల్యూ-60 అంటే బెల్లం పాకం పోసినట్టే. పుస్తకంలో రాసినది ప్రతి ఊరికీ వేదవాక్కు కాదు.

ఎనిమిదివేల_చక్కర్లు
రెండు చలికాలాలు గడిచాయన్నది ఋజువు కాదు, అదృష్టం కావచ్చు. రాడ్ బేరింగు అరిగేటప్పుడు ముందుగా ఉత్తరం రాయదు. ట్రాకు మీద ఆయిలు 120 డిగ్రీలు దాటినప్పుడు 40 గ్రేడు ఆయిలు మరీ పలచబడుతుంది. చలికి భయపడి ఆ వేడిలో రక్షణ వదులుకోవడం నాకు నచ్చదు. అయినా ఉప్పు చల్లిన రోడ్ల మీద ఎం3ని నడిపేవారికి ఆయిలు కంటే తుప్పే ముందు శత్రువు.

మినియాపోలిస్_మంచు
తుప్పు మాట ఒప్పుకుంటున్నాను. ఆయిలు మాట ఒప్పుకోను. నేను ట్రాకుకు వెళ్లను, ఆఫీసుకు వెళ్తాను. నా ఆయిలు ఎన్నడూ నూరు డిగ్రీలు దాటలేదు.

లెక్కల_మాస్టారు
ఇద్దరి వాదనలోనూ ఊరు మారిపోయింది. అడిగినవారు ఉన్నది టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో. ఆయిలు పేరులో 10డబ్ల్యూ అని ఉంటే మైనస్ 25 డిగ్రీల దగ్గర ఇంజిన్ తిరిగేటంత పలుచగా ఉందని పరీక్షించి ఇచ్చారని అర్థం. 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యూను మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో, కరెంటు లేక అందరం దుప్పట్లలో దూరిన ఆ ఉదయం డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీల దాకా పడింది. ఆ రోజున కూడా 10డబ్ల్యూ తన హద్దులోనే ఉంది. కాబట్టి ఫ్రిస్కోలో 10డబ్ల్యూ-60కి మించి ఆలోచించవలసిన పని లేదు. మినియాపోలిస్‌లో ఏడాది పొడుగునా నడిపేవారికి ఆలోచించవలసిన కారణం ఉంది, వారు ల్యాబు నివేదిక తెప్పించుకుంటే ఈ వాదన కాగితం మీద తేలుతుంది.

ఫ్రిస్కో_బండి
10డబ్ల్యూ-60 ఆర్డరు పెట్టాను. ఒక సందేహం. ఇంజిన్ వేగం చూపే టాకోమీటరు అంచున స్టార్ట్ చేయగానే నారింజ రంగు చిన్న దీపాలు వరుసగా వెలిగి, నడుపుతున్నకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. అది లోపమా?

ఎనిమిదివేల_చక్కర్లు
లోపం కాదు, ఈ బండిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ఆయిలు వేడెక్కేకొద్దీ ఇంజిన్‌ను ఎంతవరకు తిప్పవచ్చో ఆ దీపాలు చూపిస్తాయి. చిక్కటి ఆయిలు చల్లగా ఉండగా ఇంజిన్‌ను హోరెత్తించకూడదని బీఎండబ్ల్యూ వారే గడియారంలో రాసి పెట్టారన్నమాట. కూలెంటు ముల్లు మధ్యకు వచ్చింది కదా అని తొక్కకండి. ఆయిలు దానికంటే చాలా వెనక వేడెక్కుతుంది.

రాణిగంజ్_రాచెట్
నాది హైదరాబాదు, బండి వేరే, బాధ ఒకటే. సెకండ్ హ్యాండ్‌లో ఆక్టేవియా వీఆర్ఎస్ తీసుకున్నాను. అందులో ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్సు), క్లచ్చులు ఆయిలులోనే మునిగి ఉండే రకం. గేర్‌బాక్సు ఆయిలు "లైఫ్‌టైమ్, తెరవనక్కరలేదు" అని ఒక గ్యారేజీలో చెప్పి పంపేశారు. కంపెనీ షెడ్యూలు చూస్తే ప్రతి 60 వేల కిలోమీటర్లకు ఆయిలూ ఫిల్టరూ మార్చాలని ఉంది, నా బండి అప్పటికి 71 వేలు తిరిగింది. మార్చేటప్పుడు కూడా మట్టం చూడటం ఒక తతంగం. గేర్‌బాక్సు ఆయిలు 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండగా, ఇంజిన్ నడుస్తూ ఉండగానే చూడాలి. ఆ ఉష్ణోగ్రత చూసే స్కానరు లేని చోట ఈ పని చేయించవద్దు.

మన దగ్గర ఇంకో బెడద డూప్లికేట్ ఆయిలు. ఒక దుకాణంలో సగం ధరకు ఇచ్చిన డబ్బా తెచ్చుకున్నాను. మూత సీలు మీద అక్షరాలు గోటితో గీకితే రాలిపోయాయి, డబ్బా అడుగున తయారీ తేదీ అచ్చు ఒక రకంగా, లేబులు మీద మరో రకంగా ఉంది. తిరిగి ఇవ్వబోతే "వాడి చూడండి సార్, ఏమీ కాదు" అన్నారు. ఆ డబ్బా ఇప్పుడు గేటు బందులకు పనికొస్తోంది.

న్యూజెర్సీ_జాకీ
ఫ్రిస్కో గారూ, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) విప్పే ముందు ఒక్క మాట. నింపే ప్లగ్గు ముందు విప్పండి, దించే ప్లగ్గు తర్వాత. నా హోండా ఎస్2000కి మొదటిసారి డిఫరెన్షియల్ ఆయిలు మారుస్తూ, ఉత్సాహం కొద్దీ కింది ప్లగ్గు ముందు విప్పి మొత్తం దించేశాను. పై ప్లగ్గు చూస్తే తుప్పుకు అతుక్కుపోయి ఉంది. అలెన్ కీ పెట్టి బలంగా తిప్పితే లోపలి అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. దించేశానే గాని నింపే దారి లేదు. బండి నాలుగు స్టాండ్ల మీద మూడు రోజులు వేలాడింది, నేను అద్దె బండిలో ఆఫీసుకు వెళ్లాను. చివరికి వెల్డింగు తెలిసిన ఒకాయన ఇంటికి వచ్చి ఆ ప్లగ్గు మీద నట్టు అతికించి విప్పారు. పైది విప్పగలమని తేలిన తర్వాతే కిందిది ముట్టుకోండి.

జిడ్డుచేతులు
నాలుగు స్టాండ్ల మీద మూడు రోజులంటే పందిరి వేయించి ఉండవలసింది.

టార్క్_తాత
జాకీ గారు చెప్పింది బంగారం లాంటి మాట. వెనక చప్పుడు సంగతి ఇంతవరకు ఎవరూ ఎత్తుకోలేదు కనుక నేను రాస్తాను. ఈ ఎం3 డిఫరెన్షియల్‌లో ఒక చక్రం జారినప్పుడు రెండింటినీ కలిపి పట్టడానికి ఒకదానిపై ఒకటి పేర్చిన ప్లేట్లు ఉంటాయి, ఇలాంటిదాన్నే లిమిటెడ్ స్లిప్ అంటారు. పదునుగా మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువగా, బయటి చక్రం ఎక్కువగా తిరగాలి కాబట్టి ఆ ప్లేట్లు ఒకదానిపై ఒకటి మెత్తగా జారాలి. మామూలు గేర్ ఆయిలు పోస్తే, లేదా ఆయిలులోని ఆ జారుడు గుణం వయసుతో తగ్గిపోతే, ప్లేట్లు పట్టుకుంటూ వదులుతూ గుర్రుమంటాయి. మీరు చెప్పిన చప్పుడు అచ్చంగా అదే. దీనికి ఫ్రిక్షన్ మాడిఫయరు, అంటే ఆ జారుడు గుణం ఇచ్చే మందు, కలిపిన 75డబ్ల్యూ-140 కావాలి. క్యాస్ట్రాల్ ఎస్ఏఎఫ్-ఎక్స్‌జే పేరు చివర ఎఫ్ఎం అని ఉన్నది చూసి తీసుకోండి. లీటరుకు కొంచెం పైన పడుతుంది. బండిని సమతలంగా నిలిపి, పై రంధ్రం నుంచి ఆయిలు పొర్లే దాకా నింపడమే కొలత.

మీ ఫైలులో 1200 మైళ్ల సర్వీసు రసీదు ఉందేమో కూడా చూడండి. ఎం బండ్లకు ఇంజిన్ ఆయిలూ డిఫరెన్షియల్ ఆయిలూ అప్పుడే మొదటిసారి మార్చాలి. అది చేయించిన యజమాని శ్రద్ధ గలవాడని నా లెక్క.

న్యూజెర్సీ_జాకీ
తాతగారి మాటకు ఒక హెచ్చరిక కలుపుతున్నాను, ఎందుకంటే ఇది చదివి ఎవరైనా తమ బండిలో కూడా ఫ్రిక్షన్ మాడిఫయరు పోయవచ్చు. నా ఎస్2000లో ఉన్నది టోర్సెన్ రకం. అందులో గేర్ల పళ్ల మధ్య పట్టు మీదే పని జరుగుతుంది, దానికి ఆ జారుడు మందు అవసరం లేదు. హోండా చెప్పిన మామూలు హైపాయిడ్ ఆయిలు చాలు. లిమిటెడ్ స్లిప్ అన్న పేరు ఒకటే అయినా లోపలి యంత్రం వేరు కావచ్చు.

టార్క్_తాత
నిజమే. ఇక ఫ్రిస్కో గారు కొత్త ఆయిలు పోసిన తర్వాత ఖాళీ పార్కింగులో ఎనిమిది ఆకారంలో అటు పది, ఇటు పది చక్కర్లు నెమ్మదిగా కొట్టాలి. అప్పుడే ఆయిలు ప్లేట్ల నడుమకు చేరుతుంది. పోసిన వెంటనే చప్పుడు పోలేదని కంగారు పడవద్దు.

జిడ్డుచేతులు
అమెరికా వెళ్లి ఎం3 కొన్నా ఆర్టీవో ఆఫీసు ఎనిమిది తప్పలేదన్నమాట. కాలు కింద పెట్టకుండా వేయండి.

మినియాపోలిస్_మంచు
ఇంజిన్ ఆయిలు దించే ముందు ఫ్లష్ మందు ఒక సీసా పోసి పది నిమిషాలు నడిపితే లోపలి మురికి అంతా వస్తుంది కదా? నేను ఒకసారి చేశాను.

టార్క్_తాత
94 వేల మైళ్ల ఎస్54లో ఆ పని చేయవద్దు. ఫ్లష్ మందు ఆయిలును పలుచన చేస్తుంది, మనం ఇంతసేపు చర్చించింది ఆ పొర పలుచబడకూడదనే. మురికి ఉందనిపిస్తే కొత్త ఆయిలు పోసి 1500 మైళ్లకే మరోసారి మార్చండి. డబ్బు కొంచెం ఎక్కువ, భయం ఏమీ ఉండదు.

లెక్కల_మాస్టారు
నా దృష్టిలో ఈ జాబితాలో అన్నిటికంటే ముందు మార్చవలసింది బ్రేక్ ఆయిలు. ఇంజిన్ పోతే డబ్బు పోతుంది, బ్రేకు పోతే మనిషి పోతాడు. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరిన తర్వాత అదే ఆయిలుకు హద్దు 155 డిగ్రీలు. డాట్ 3 అయితే 205, 140. కొండ దారిలో దిగుతూ మాటిమాటికీ తొక్కితే కాలిపర్ దగ్గర ఆ 155 దాటడం కష్టం కాదు. మరిగితే బుడగలు పుడతాయి, పెడల్ నేలకు అంటుకుంటుంది. రెండేళ్లకొకసారి మార్చమని కంపెనీ చెప్పడానికి కారణం ఇదే. డాట్ 5.1 పోయవచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్, పేరు దగ్గరగా ఉన్నా దీనితో కలవదు, ఈ బండిలో పోయకూడదు.

ఎనిమిదివేల_చక్కర్లు
మాస్టారికి అనుబంధం. ఈ బండిలో క్లచ్చు కూడా బ్రేక్ ఆయిలు డబ్బాలోని ఆయిలుతోనే పని చేస్తుంది. నాలుగు చక్రాలూ బ్లీడ్ చేసి (పాత ఆయిలూ గాలీ బయటికి తీసి) క్లచ్చు స్లేవ్ సిలిండరును మరిచిపోయేవారే ఎక్కువ. రెండో గేరు మొరాయింపులో కొంత పాపం దానిది కూడా కావచ్చు. మొదట డబ్బాలోని పాత ఆయిలును పీల్చేసి కొత్తది నింపి, తర్వాత కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి ఎడమ ముందు చక్రంతో ముగించండి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోయండి.

న్యూజెర్సీ_జాకీ
పీల్చడానికి టర్కీ బాస్టర్ (వంటింట్లో మాంసం మీద రసం పోసే రబ్బరు బుడ్డి గొట్టం) వాడతాను. ఇంట్లోది వాడి, కడిగి మళ్లీ సొరుగులో పెట్టకండి. నేను పెట్టాను. ఆ థాంక్స్‌గివింగ్‌కు మేము బయట తిన్నాము.

ఫ్రిస్కో_బండి
కూలెంటు నీలం రంగులోనే, శుభ్రంగానే కనబడుతోంది. దాన్ని అలాగే ఉంచవచ్చా? మా గ్యారేజీలో హోండాకు కొన్న నీలం కూలెంటు ఒక గ్యాలను మిగిలి ఉంది, తగ్గితే అది కలపవచ్చా?

న్యూజెర్సీ_జాకీ
వద్దు. నేనూ ఒకసారి ఈ పొరపాటుకు ఒక్క అడుగు దూరంలో ఆగాను. రెండూ నీలమే అయినా మందులు వేరు. హోండా కూలెంటులో తుప్పు ఆపడానికి ఫాస్ఫేటు ఉంటుంది, బీఎండబ్ల్యూ వారిది ఫాస్ఫేటు, నైట్రైటు లేనిది, సిలికేటుతో పని చేస్తుంది. రంగు అనేది తయారీదారు కలిపిన అద్దకం మాత్రమే.

టార్క్_తాత
రంగు శుభ్రంగా ఉందంటే మందు మిగిలి ఉందని కాదు. ఎప్పుడు మార్చారో కాగితం లేదు కనుక మార్చేయడమే మేలు. బీఎండబ్ల్యూ కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. కుళాయి నీళ్లలోని సున్నం రేడియేటరులో పేరుకుంటుంది. దించినప్పుడే ఎక్స్‌పాన్షన్ ట్యాంకును పట్టి చూడండి. అది ప్లాస్టిక్, ఇరవై ఏళ్ల వేడికి పెళుసెక్కి అతుకు దగ్గర పగులుతుంది. అక్కడ తెల్లని చారలు కనిపిస్తే ట్యాంకు, మూత, గొట్టాలు కలిపి మార్చండి. నింపాక గాలి పూర్తిగా తీయకపోతే ఇంజిన్ తల వేడెక్కుతుంది, హీటరును గరిష్ఠానికి పెట్టి, బ్లీడ్ స్క్రూ నుంచి బుడగలు లేని ధార వచ్చే దాకా ఓపిక పట్టండి.

జిడ్డుచేతులు
పవర్ స్టీరింగు డబ్బా మూత మీద ఏమి రాసి ఉందో చదివి అదే పోయండి. కొన్ని బండ్లకు ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు), కొన్నింటికి ఆకుపచ్చ సీహెచ్ఎఫ్ (హైడ్రాలిక్ ఆయిలు). రెండూ కలిపితే సీళ్లు పాడవుతాయి. గేర్‌బాక్సు మీద కూడా ఏ ఆయిలో చెప్పే స్టిక్కరు ఉంటుంది, తుడిచి చూడండి.

ఫ్రిస్కో_బండి
రెండు వారాంతాలు పట్టింది, జరిగినది రాస్తున్నాను. మాస్టారు చెప్పినట్టు బ్రేకులతో మొదలుపెట్టాను. వెనక కుడి చక్రం నుంచి వచ్చిన ఆయిలు కాఫీ రంగులో ఉంది. క్లచ్చు నుంచి వచ్చినది అంతకంటే నల్లగా ఉంది, అంటే దాన్ని ఎవరూ ఎన్నడూ ముట్టుకోలేదనుకుంటాను. ఇంజిన్ ఆయిలు దించి సీసా ల్యాబుకు పంపాను. ఫిల్టరు మడతల్లో మసి తప్ప తళుకులు లేవు, చివరి మడత దాకా అమ్మాయి టార్చిలైటు పట్టుకుంటే నేను చూశాను.

డిఫరెన్షియల్ నింపే ప్లగ్గు ముందే విప్పాను. పొడుగాటి పైపు తగిలించి రెండు చేతులా లాగితే గాని కదల్లేదు. జాకీ గారి కథ చదవకపోయి ఉంటే నేను కూడా పందిరి వేయించుకునేవాణ్ణి. పాత ఆయిలు నల్లగా, కాలిన వాసనతో వచ్చింది, ప్లగ్గు అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది, వేళ్ల మధ్య నలిపితే మెత్తగానే ఉంది, పలుకులు తగల్లేదు. కొత్తది పోసి ఆదివారం ఉదయం ఖాళీ పార్కింగులో ఎనిమిదులు వేశాను. ఏడో చక్కరు దాకా గుర్రుమంది, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఈ రోజు ఆఫీసు గ్యారేజీలో మలుపు తిప్పితే చప్పుడు లేదు. ఫైలులో 1200 మైళ్ల రసీదు దొరికింది తాతగారూ.

ఎనిమిదివేల_చక్కర్లు
సంతోషం. ల్యాబు నివేదిక వచ్చాక చిక్కదనం అంకె ఇక్కడ పెట్టండి. మినియాపోలిస్ గారూ నేనూ ఎదురు చూస్తున్నాము.

ఫ్రిస్కో_బండి
ఈ రోజే వచ్చింది. నూరు డిగ్రీల దగ్గర 10.8. డిక్కీలో దొరికిన డబ్బాయే. సీసం మాత్రం ఆ ఇంజిన్‌కు మామూలుగా ఉండేంతే ఉందని రాశారు. 1500 మైళ్లకు మరోసారి మార్చి మరో సీసా పంపుతాను.

మినియాపోలిస్_మంచు
చూశారా, 30 గ్రేడుతో కూడా సీసం పెరగలేదు.

ఎనిమిదివేల_చక్కర్లు
ఆయన ఎంత దూరం, ఎంత మెల్లగా నడిపాడో తెలియకుండా ఆ ముక్క చెప్పలేము. మీ సీసా ఎప్పుడు పంపుతారు?

మినియాపోలిస్_మంచు
మంచు కరిగాక.

టార్క్_తాత
ఫ్రిస్కో గారూ, గేర్‌బాక్సు సంగతి రాయనేలేదు. స్టిక్కరు మీద ఏముంది?

ఫ్రిస్కో_బండి
అరగంట తుడిచాను. స్టిక్కరు వచ్చేసింది, అక్షరాలు గుడ్డకు అంటుకున్నాయి. ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్సు ఆయిలు) అన్నంతవరకు చదవగలిగాను. పార్టు నంబరుతో కనుక్కుని శనివారం మొదలుపెడతాను, నింపే ప్లగ్గుతోనే.